ఎడమ చేతి చిటికెన వేలు

టుకాయి చెప్పులు వేసుకుంటున్న చప్పుడు విని అణిమ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"ఏదీ, చెయ్యి ఇటివ్వు."

"వద్దమ్మా, ఆలస్యమైపోయింది."

"అరక్షణం పని. ఎడమ చెయ్యిరా."

"గాటు పడుతుంది. నిన్నటి షాట్‌లో లేని గాటు ఇవాళ కనబడితే డైరెక్టరు నన్ను కొరుకుతాడు," అని నవ్వి, చేతులు రెండూ జేబుల్లో దాచేసుకుని మెట్లు దిగిపోయాడు.

ఇరవై తొమ్మిదేళ్ళొచ్చాయి. జేబుల్లో చేతులు పెట్టుకుని మెట్లు దిగితే, కాలు జారినప్పుడు గోడ పట్టుకోడానికి చెయ్యి ఉండదన్న ఆలోచన కూడా లేదు. అణిమ గుమ్మంలో నిలబడి వాడి వీపుకేసి చూస్తూ "దుర్గా, దుర్గా" అంది. వాడు సందు మలుపు తిరిగేదాకా అంటూనే ఉంది. మలుపు తిరిగాక బస్సు హారన్ వినిపిస్తే ఇంకోసారి అంది.

బిడ్డ గడప దాటేటప్పుడు తల్లి ఆ బిడ్డ ఎడమ చేతి చిటికెన వేలు పళ్ళతో చిన్నగా నొక్కి, పక్కకి తిరిగి థూ థూ అంటే, దారిలో ఎవరి కళ్ళు పడినా అంటవు. అణిమకి వాళ్ళమ్మ చేసింది, వాళ్ళమ్మకి అమ్మమ్మ చేసింది. అణిమ ఒకే ఒక్క రోజు మర్చిపోయింది. టుకాయి రెండో క్లాసులో ఉండగా, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని అటు పరిగెత్తింది. ఆ రోజే స్కూలు రిక్షా బోల్తా పడి పిల్లాడి మోచెయ్యి విరిగింది. చక్రం ఊడిందన్నాడు రిక్షా అతను. ఎందుకు ఊడిందో అణిమకి తెలుసు.

వాడు నాటకాల్లో చేరినప్పటి నుంచి వేలు ఇవ్వడం తగ్గించాడు. స్నేహితులు నవ్వుతారని మొదట్లో, టైము లేదని తర్వాత. ఈ సినిమా అవకాశం వచ్చాక మొత్తానికే మానేశాడు.

సినిమా పేరు 'కనిష్ఠ'. కలకత్తాలో ఒకరి తర్వాత ఒకరిని చంపుకుంటూ పోయే హంతకుణ్ణి ఇద్దరు డిటెక్టివులు వెతికే కథట. ఆ ఇద్దరిలో చిన్న డిటెక్టివు టుకాయి. పోస్టర్ మీద వాడి అసలు పేరు, సౌగత్ అని, పెద్దక్షరాల్లో రాబోతోంది. అంతకుమించి ఇంట్లో ఒక్క ముక్క చెప్పడు. డైరెక్టరు అందరి చేతా ఒట్టు వేయించుకున్నాడట.

"చంపేది ఎవర్రా?" అని అణిమ అడిగింది, ఒక రోజు అన్నం పెడుతూ.

"చెప్పకూడదు."

"నిన్ను చంపుతారా?"

"చంపరు."

"నీకు తుపాకీ ఉందా?"

"ఉంది. ఉత్తిదే."

"ఉత్తిదని ఎవరు చూశారు?"

"అమ్మా, అన్నం తిననివ్వు."

తుపాకీని పోనిమ్మంటే పోనిచ్చేదే. ఆమె వల్ల కానిది వేరే ఉంది. ఆ డిటెక్టివుకి సినిమాలో ఒక తల్లి ఉంది. ఆ తల్లి వేషం అపరూపా రక్షిత్‌ది.

అపరూపా రక్షిత్ తెలియని ఇల్లు లేదు. ముప్పై ఏళ్ళుగా తెర మీద తల్లి. ఆవిడ కొంగుతో మొహం తుడిపించుకోని హీరో లేడు. సాయంత్రం సీరియల్లో ఆవిడ కళ్ళు తుడుచుకుంటే అణిమ కూడా తుడుచుకునేది. అదంతా ఆవిడ టుకాయికి తల్లి కాకముందు సంగతి. ఆవిణ్ణి వాడు అక్క వరసలో 'అపరూపాది' అంటాడు.

"అపరూపాది ఇవాళ ఆవ పెట్టిన ఇలిశ చేప తెచ్చారమ్మా. ఏం చేశారనుకున్నావు!"

అణిమ వెంటనే అడిగింది. "ఇలిశా? ముళ్ళు?"

"ఆవిడే ఏరి పెట్టారు."

ఇలిశ ముళ్ళు వెంట్రుక కన్నా సన్నం. వాడికి నాలుగేళ్ళప్పుడు ఒకటి గొంతులో ఇరుక్కుంటే, అప్పట్నుంచి ఈ ఇంట్లో వాడి చేప ముక్క అణిమ వేళ్ళు దాటి కంచంలోకి వెళ్ళలేదు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తిరిగే మనిషి ముళ్ళేం ఏరుతుంది?

"దురద పెట్టిందా గొంతు?" అంది చివరికి.

"లేదు. బ్రహ్మాండంగా ఉంది."

ఆ వారమంతా అదే పాట. అపరూపాది ఇలా అన్నారు, అపరూపాది అలా నవ్వారు, దగ్గొస్తే అపరూపాది తన ఫ్లాస్కులో వేడినీళ్ళు ఇచ్చారు. రెండో వారానికి 'అపరూపాది' అన్న పిలుపే పోయింది. అప్పుడు ఇంకా పెద్ద దెబ్బ తగిలింది.

అణిమ బంగాళాదుంపల కూర కలుపుతోంది. ముందు గదిలోంచి టుకాయి గొంతు వినిపించింది, ఎన్నాళ్ళగానో విననంత మెత్తగా.

"అమ్మా, తిన్నావా?"

అణిమ గరిటె ఆపింది. మొహం విచ్చుకుంది. "ఇంకా లేదురా, నువ్వొస్తే కలిసి తిందామని," అని గుమ్మంలోకి వచ్చింది.

వాడు ఫోను చెవి నుంచి తీయకుండానే చేత్తో సైగ చేశాడు. "నిన్ను కాదమ్మా."

తర్వాత వివరంగా చెప్పాడు పాపం. తల్లీ కొడుకుల మధ్య చనువు రావాలని, షూటింగ్ అయ్యేదాకా బయట కూడా అమ్మా, నాన్నా అని పిలుచుకోమన్నాడట డైరెక్టరు. అణిమ సరేనంది. ఆ కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. వాడు గమనించకుండా తినేశాడు. అది ఇంకా బాధ.

మర్నాడు డాబా మీద వడియాలు పెడుతుంటే పైవాటా ఝర్ణా ఫోను పట్టుకుని వచ్చింది. ఇరవై ఏళ్ళుగా 'బౌదీ, బౌదీ' అంటూ సొంత వదిన లాగే వెంట తిరుగుతుంది. మంచి కబురు ఎప్పుడూ తేలేదు.

"బౌదీ, మన టుకాయి వీడియో వచ్చింది చూశావా? షూటింగ్‌లో ఎవరో తీసి పెట్టారు. ఏం తల్లీ కొడుకులమ్మా! చూస్తుంటే నాకే ఏడుపొచ్చింది."

అణిమ పప్పు పిండి చేత్తోనే కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. ఒక ఇంటి గుమ్మం. చొక్కా చేతులు మడతపెట్టుకుని టుకాయి. నేత చీరలో అపరూపా రక్షిత్. వాడు చెయ్యి చాపాడు. తనంతట తనే చాపాడు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని, చిటికెన వేలు పెదాల దగ్గరకు తీసుకుని సుతారంగా కొరికింది.

అణిమ చేతిలోని పిండి ముద్ద జారి డాబా మీద పడింది.

"ఎంత బాగా కొరికిందో కదా బౌదీ! అచ్చం కన్నతల్లి లాగే."

"కన్నతల్లిని ఇక్కడే ఉన్నాను ఝర్ణా."

"అయ్యో, నువ్వు ఉన్నావు కాదన్నానా? అందం సంగతి చెప్తున్నాను. నువ్వు కొరికితే చీమ కుట్టినట్టు ఉంటుందని టుకాయే ఒకసారి అన్నాడు."

"ఇంకోసారి తిప్పు."

ఝర్ణా వీడియో మళ్ళీ పెట్టింది. ఈసారి అణిమ కళ్ళు ఆవిడ మొహం మీద లేవు. "కుడి చెయ్యి!" అంది. "అది కుడి చెయ్యి ఝర్ణా! కుడి చేతి వేలు ఎవరైనా కొరుకుతారా? ఎడమ చేతికి చేస్తే దిష్టి పోతుంది. కుడి చేతికి చేస్తే..."

"ఏమవుతుంది?"

అణిమకి తెలియదు. ఎవరూ చెయ్యలేదు కనక ఎవరికీ తెలియదు. అందుకే భయం.

సాయంత్రం వాడు మొహం కడుక్కుంటుంటే తువ్వాలు అందిస్తూ అడిగింది. "ఆ వేలు ఎన్నిసార్లు కొరికింది ఆవిడ?"

"నీకెలా తెలుసు? పదకొండు టేకులు. రేపు మళ్ళీ తీస్తారు. మా డైరెక్టరు రిభుకి నచ్చలేదు."

"పదకొండుసార్లు! గాటు పడలేదా?"

"లేదు. ఆవిడ మెత్తగా కొరుకుతారు."

"నేను కొరికితేనే పడుతుందన్నమాట," అని తువ్వాలు వాడి భుజం మీద పడేసి లోపలికి వెళ్ళిపోయింది. ఇంట్లో అరక్షణానికి టైము లేని చెయ్యి, అక్కడ పొద్దున్నంతా పరాయి ఆడదాని నోట్లో ఉంది. అది తలుచుకున్న కొద్దీ అణిమకి ఛాతీలో ఏదో గీరుకుంటున్నట్టు ఉంది, ఇలిశ ముల్లు లాగే.

మర్నాడు పదకొండు గంటలకి అరటిపువ్వు కూర, పూరీలు డబ్బాలో సర్దుకుని టాలీగంజ్ స్టూడియోకి ఆటో ఎక్కింది. వాడు డబ్బా మర్చిపోయాడని చెప్పచ్చు. వాడు ఎప్పుడూ డబ్బా తీసుకెళ్ళడన్న సంగతి స్టూడియోలో ఎవరికి తెలుసు?

గేటు దగ్గర పేరు చెప్తే లోపలికి పంపారు. రేకుల షెడ్డులో సగం ఇల్లు కట్టి ఉంది. గోడలున్నాయి, పైకప్పు లేదు. నేల మీద వైర్లు పాముల్లా పడున్నాయి. అణిమ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని ఒక్కో వైరు దాటింది. పైన వేలాడుతున్న లైట్లు ఊడితే సరిగ్గా టుకాయి నిలబడ్డ చోటే పడతాయి. ఎవరూ చూసుకోలేదు.

"అమ్మా! నువ్వేంటి ఇక్కడ?" అన్నాడు టుకాయి. సంతోషమో చిరాకో తెలియలేదు.

వాడి పక్కనుంచి అపరూపా రక్షిత్ రెండు చేతులూ చాపుకుంటూ వచ్చింది. దగ్గర నుంచి చూస్తే ఇంకా అందంగా ఉంది. అది అన్యాయం. "దిదీ! ఎన్నాళ్ళ నుంచి చూడాలనుకుంటున్నానో. మీ అబ్బాయి బంగారం. నాకిచ్చెయ్యండి."

దిదీ అట, అక్కా అని. తన కన్నా అయిదేళ్ళు పెద్దదై ఉంటుంది.

"తీసుకోండి," అంది అణిమ నవ్వుతూ. "రాత్రి పళ్ళు కొరుకుతాడు, తడి తువ్వాలు మంచం మీద పడేస్తాడు. మూడు రోజుల్లో మీరే తెచ్చి దింపుతారు." అందరూ నవ్వారు. అణిమ మాత్రం ఆవిడ పళ్ళు చూస్తోంది. ముత్యాలు పేర్చినట్టు, ఒక్కటి వంకర లేదు. అణిమ పై వరసలో ముందు పన్ను సగం లేదు. టుకాయికి కోరింత దగ్గొచ్చినప్పుడు మందు సీసా మూత రాకపోతే పళ్ళతో తీయబోయి విరగ్గొట్టుకుంది. కట్టించుకోవాలని పాతికేళ్ళ నుంచి అనుకుంటోంది.

డైరెక్టరు రిభు గడ్డం కుర్రాడు, టుకాయి వయసే. అణిమని పిన్ని వరస కలిపి ఒక స్టూలు మీద కూర్చోబెట్టాడు. "మాసీమా, ఈ వేలు సంగతి మీ అబ్బాయే చెప్పాడు. మీరు చేస్తారటగా? దాని మీదే కథ మొత్తం కట్టాను."

అణిమకి ముందు గర్వం వచ్చింది. వెంటనే అది మండిపోయింది. తన నోట్లో ముద్ద తీసి ఆవిడకి పెట్టినట్టు, వాడు ఈ సంగతి కూడా తీసుకెళ్ళి ఆవిడకి ఇచ్చేశాడు.

"యాక్షన్!" అన్నారెవరో.

టుకాయి కుడి చెయ్యి చాపాడు. అపరూపా అందుకుంది. పెదాలు తెరిచింది.

"ఆ చెయ్యి కాదు!"

అరిచింది తనేనని అణిమకి తర్వాత తెలిసింది. షెడ్డంతా ఆమె వైపు తిరిగింది. లైటు పట్టుకున్నతను పైనుంచి వంగి చూశాడు.

"కట్," అన్నాడు రిభు నెమ్మదిగా. "ఏమైంది మాసీమా?"

"ఎడమ చెయ్యి నాయనా. కుడి చేతికి చెయ్యకూడదు. పిల్లాడికి మంచిది కాదు."

"సౌగత్ చెప్పాడు. కుడి వైపైతే వెలుగు బాగా పడుతోందని మార్చాం."

"వెలుగు కోసం చెయ్యి మారుస్తారా? రేపు వెలుగు బాగాలేదని తల్లిని మారుస్తారా?" అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది. అపరూపా రక్షిత్ కిటికీ వైపు చూస్తూ కొంగు సర్దుకుంది.

రిభుకి కోపం రాలేదు. గడ్డం గోక్కుంటూ ఆమె నోటికేసి చూస్తున్నాడు. "ఒకసారి చేసి చూపిస్తారా? దగ్గర నుంచి నోరూ వేలూ మాత్రమే తీస్తాను. మొహం రాదు. అపరూపాది చీర కొంగు కప్పుకుంటే చాలు."

అణిమ నోరు తెరిచేలోపే టుకాయి ముందుకొచ్చాడు. "వద్దు రిభూ. అమ్మ వద్దు."

"ఎందుకు?"

"ఎందుకో నీకు తెలుసు. అమ్మ చేత చేయించకు."

వాడి మొహం పాలిపోయి ఉంది. అణిమకి చెవులు వేడెక్కాయి. ఆవిడైతే పదకొండుసార్లు. కన్నతల్లి అయితే ఒక్కసారికి కూడా వద్దు. విరిగిన పన్ను తెర మీద కనబడితే వాడికి నామోషీ కాబోలు.

"చేస్తాను," అంది. లేచి వెళ్ళి ఆ నేత చీర కొంగు తనే లాక్కుని తల మీద కప్పుకుంది.

కెమెరా ముక్కు దగ్గరికి వచ్చింది. వాడి ఎడమ చెయ్యి ఆమె చేతిలోకి వచ్చింది. ఎన్నాళ్ళయిందో ఆ చెయ్యి అలా పట్టుకుని. చిన్నప్పుడు గోళ్ళు కొరికేవాడు, ఇప్పుడు బాగానే ఉంచుకుంటున్నాడు. మెత్తగా కొరకాలనుకుంది. కానీ పదకొండు గుర్తొచ్చింది, ఇలిశ గుర్తొచ్చింది, 'నిన్ను కాదమ్మా' గుర్తొచ్చింది.

"ఉఫ్!" అన్నాడు టుకాయి.

"కట్! అద్భుతం!" అని రిభు ఎగిరి గంతేశాడు. వేలి మీద ఎర్రగా గాటు పడింది. అర్ధచంద్రం లాగా పళ్ళ గుర్తులు, మధ్యలో విరిగిన పన్ను దగ్గర చిన్న సందు. మేకప్ అతను మైనం ముక్క తెచ్చి దాన్ని కూడా కొరకమన్నాడు. గాటు ఎప్పుడూ ఒకేలా కనబడాలట. అణిమ కొరికింది. ఎందుకని అడగలేదు.

అపరూపా రక్షిత్ చప్పట్లు కొట్టింది. "చూశావా రిభూ, నా పదకొండింటికీ ఒక్క 'ఉఫ్' కూడా రాలేదు," అంది. నవ్వుతూనే అంది. అణిమ ఆ మాటని డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

ఎండలు ముదిరాక, ఒక శుక్రవారం, సినిమా వచ్చింది. టుకాయి పొద్దున్నే డైరెక్టరుతో హాళ్ళు తిరగడానికి వెళ్ళాడు. వేలు ఇవ్వలేదు. "నువ్వీ సినిమా చూడకపోయినా పరవాలేదమ్మా," అని కూడా అన్నాడు. అంటే ఏమిటి? అక్కడ ఆ అమ్మ ఉంటుంది, ఈ అమ్మ అడ్డమనేగా? అణిమ జరీ అంచు చీర కట్టుకుని, ఝర్ణాని తీసుకుని మధ్యాహ్నం ఆటకి గడియాహాట్ దగ్గర హాలుకి వెళ్ళింది.

సినిమా మొదలవగానే ఒక శవం. చెరువు గట్టున ఒక పడుచు పిల్ల. ఎడమ చేతి చిటికెన వేలి మీద పంటి గాటు. పెద్ద డిటెక్టివు ముక్కు మీద రుమాలు పెట్టుకుని వంగి చూశాడు. "ఎవడో పిచ్చివాడు," అన్నాడు. తర్వాత ఇంకో శవం, ఈసారి మగమనిషి. అణిమ రెండుసార్లూ కళ్ళు మూసుకుంది. టుకాయి తెర మీదికి వచ్చినప్పుడల్లా తెరిచింది.

అప్పుడు ఆ ఇల్లు వచ్చింది. గుమ్మం, నేత చీర. టుకాయి చెయ్యి చాపాడు. తెర నిండా ఒక నోరు, ఒక వేలు.

హాలంతా "ఆహా" అంది. వెనక వరసలో ఎవరో ముక్కు ఎగబీల్చారు. ఝర్ణా అటుకుల పొట్లం ఒళ్ళో పెట్టుకుని, "చూడు బౌదీ, ఆ పెదాలు చూడు! తల్లి ప్రేమంతా పెదాల్లోకే తెచ్చింది అపరూపాది. ఇలా ఇంకెవరైనా చెయ్యగలరా?" అంది.

అణిమ ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు. "అది నా నోరు."

"ఏమిటీ?"

"ఆవిడది కాదు ఝర్ణా. నా నోరు. నన్ను పెట్టి తీశారు."

ఝర్ణా ఆమెని ఎగాదిగా చూసింది. "బౌదీ, కొడుకు సినిమాలో ఉంటే చాల్లే. నోరు కూడా నీదే అంటే ఎవరైనా నవ్వుతారు."

అణిమకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒళ్ళంతా కారం రాసినట్టు ఉంది. తన నోటికి చప్పట్లు, పేరు ఆవిడకి. తన కొడుకు, అమ్మ ఆవిడ.

విశ్రాంతి అయ్యాక మూడో శవం. టుకాయిని సిలిగుడికి బదిలీ చేద్దామనుకున్న అధికారి. ఈసారి పెద్ద డిటెక్టివు ఆ గాటుని ఫోటో తీయించి, గోడంత పెద్దది చేయించి బల్ల మీద పరిచాడు. "పళ్ళ మధ్య ఈ సందు చూడు. ముందు పన్ను సగం విరిగింది. ఈ నోరు దొరికితే హంతకుడు దొరికినట్టే."

అణిమ నాలుక తనంతట తనే వెళ్ళి విరిగిన పన్ను తడిమింది.

తెర మీద టుకాయి ఆ ఫోటో చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఎడమ చెయ్యి నెమ్మదిగా ఎత్తి తన చిటికెన వేలు చూసుకున్నాడు. దాని మీద మానీ మానని అదే గాటు, మధ్యలో అదే సందు. వాడి మొహంలోంచి రక్తం ఎవరో తోడేసినట్టు దిగిపోయింది. హాల్లో పంకా చప్పుడు తప్ప ఇంకేం లేదు.

హంతకుడు కాదు. తల్లి.

కొడుకుని ప్రేమించిన పిల్ల, కొడుకుని బొంబాయి రమ్మన్న స్నేహితుడు, కొడుకుని బదిలీ చేయబోయిన అధికారి. కొడుకుని ఎవరు దూరంగా లాగబోతే వాళ్ళని చంపింది. చంపాక వేలు కొరికింది, వాళ్ళ దిష్టి కొడుక్కి తగలకుండా. ఒక్కో చావూ మళ్ళీ చూపిస్తూ, ప్రతిసారీ తెర నిండా అదే నోరు. అణిమ కొరికింది ఒక్కసారి. వాళ్ళు వాడుకున్నది నాలుగుసార్లు.

"నా బిడ్డని నా దగ్గర్నుంచి తీసుకుపోతారా?" అని తెర మీద తల్లి ఏడుస్తుంటే, అణిమకి ఒక్క క్షణం అది సబబుగానే తోచింది. అలా తోచినందుకు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. చంపేది ఎవర్రా అని వాడిని ఎన్నిసార్లు అడిగింది! వద్దు రిభూ, అమ్మ వద్దు అని వాడు ఎందుకన్నాడో ఇప్పుడు తెలిసింది.

పక్కన ఝర్ణా అటుకులు నమలడం ఆపేసింది. మెల్లగా తల తిప్పి అణిమ మూతి వైపు చూసింది. "బౌదీ, ఇందాక నీ నోరన్నావు కదా?"

"నేనా? ఎప్పుడన్నాను?"

"నీ ముందు పన్ను..."

"నోరు మూసుకుని సినిమా చూడు ఝర్ణా," అని అణిమ తను కూడా నోరు గట్టిగా మూసుకుంది. ఝర్ణా కుర్చీలో ఆ పక్కకి జరిగి, ఎడమ చెయ్యి కొంగు కింద పెట్టుకుంది.

ఆట వదిలాక బయటికొస్తే మెట్ల దగ్గర వ్యాన్ ఆగి ఉంది. టుకాయి, రిభు, అపరూపా రక్షిత్. జనం ఈగల్లా ముసిరారు. టీవీ అమ్మాయి ఒకతె మైకు తీసుకెళ్ళి అపరూపా మూతి దగ్గర పెట్టింది.

"దిదీ, ఆ వేలు కొరికే షాట్‌కి హాలు హాలంతా వణికిపోయింది. ఎలా చేశారు?"

అపరూపా రక్షిత్ ముత్యాలన్నీ కనబడేలా నవ్వింది. ఒక్క సందు లేదు. "తల్లి పాత్ర నాకు ఊపిరి. అది ఒకరు నేర్పేది కాదు."

అణిమ పెదాలు బిగించుకుని నిలబడింది. చెప్పడానికీ లేదు, మింగడానికీ లేదు. టుకాయి ఆమెని చూసి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"చూసేశావా?"

"చూశాను."

"అందుకే వద్దన్నాను. నీ నోటిని హంతకురాలి నోరు చెయ్యడం నాకు ఇష్టం లేకపోయింది. ఒట్టు వేశాను కనక చెప్పలేకపోయాను."

అణిమకి అడగాల్సింది అది కాదు. "ఆ ఫోటో చూస్తావు చూడు, ఆ సీను. ఎవర్ని తలుచుకుని చేశావు? ఆవిణ్ణేనా?"

వాడు చెవి వెనక గోక్కున్నాడు. చిన్నప్పుడు నిజం చెప్పేటప్పుడు చేసే పనే. "ఆవిణ్ణి తలుచుకుంటే పొద్దున్నంతా మొహంలోకి ఏమీ రాలేదు. రిభు తిట్టాడు. అప్పుడు మేకప్ అతను నీ మైనం ముక్క తెచ్చి చేతిలో పెట్టాడు. అంతే."

అణిమకి చాలా అనాలనిపించింది. "అన్నం తిన్నావా?" అంది.

"వ్యాన్‌లో తింటాను. ఇప్పుడు బారాసత్ హాలుకి పోవాలి."

"బారాసతా? ఆ రోడ్డంతా లారీలు కదరా!"

"అందుకే," అన్నాడు వాడు, ఎడమ చెయ్యి చాపి.

అణిమ ఆ చెయ్యి చూసింది, చుట్టూ చూసింది. ఇప్పుడే సినిమా చూసి వచ్చిన జనం. ఎత్తి పట్టుకున్న ఫోన్లు. ఇక్కడ కొరికితే సాయంత్రానికి ఊరంతా ఆ పళ్ళు ఎవరివో తెలిసిపోతుంది. చేపలమ్మే అతను మొహం చూడడు. ఝర్ణా సందంతా చాటుతుంది. అలాంటి నోరున్న ఇంటికి ఎవరు పిల్లనిస్తారు? కొరక్కపోతే బారాసత్ రోడ్డు, లారీలు. మైకు మీదుగా అపరూపా రక్షిత్ ఇటే చూస్తోంది, ఏం చేస్తుందా అని.

అణిమ చెయ్యి అందుకుంది. స్టూడియోలో కన్నా గట్టిగా కొరికింది, కళ్ళు అపరూపా మీద నుంచి తిప్పకుండా.

"ఉఫ్!"

"ఆ గాటే!" అని ఎవరో అరిచారు. "సందు చూడండ్రా, సందు!" ఫోన్లన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. ఝర్ణా "అమ్మా దుర్గా" అని రెండు మెట్లు పైకెక్కింది. టీవీ అమ్మాయి అపరూపా మూతి దగ్గర్నుంచి మైకు లాక్కుని పరుగెత్తుకుంటూ వచ్చింది. అపరూపా రక్షిత్ నవ్వుతూనే ఉంది, కానీ పెదాలు మూసుకుని.

అణిమ పక్కకి తిరిగి థూ థూ అంది. తర్వాత ఎదురుగా ఉన్న మైకులోకి వంగి, విరిగిన పన్ను బాగా కనబడేలా, గట్టిగా చెప్పింది.

"వ్యాన్ నడిపే నాయనా, బారాసత్ రోడ్డులో మెల్లిగా పోనివ్వు. లోపల నా కొడుకున్నాడు."